నవ్వును దానమును

లోకమున నవ్వు పుట్టినంత సులభముగా నిలువదు. ఒక తరమువారిని కడుపుబ్బ నవ్వించిన ప్రహసనము తరువాతి తరమువారికి వివరణ లేనిదే బోధపడదు. వివరించి చెప్పిన పిమ్మట నవ్వు రాదు. శోకమునకు ఈ చిక్కు లేదు. పుత్రశోకమును ఏ కాలమువారైనను ఎఱుగుదురు. కావుననే ప్రాచీన నాటకములలోని కరుణరసభాగములు నేటికిని మన కన్నులు తడుపుచుండగా, అందలి విదూషకుని తిండిపోతు మాటలకు మనము తఱచు మర్యాదకై మాత్రమే నవ్వుచున్నాము. ఇట్లుండగా, 1931 సంవత్సరము జనవరి 30వ తేదీన అమెరికాదేశమందలి లాస్ ఏంజెలెస్ నగరమున మొదట ప్రదర్శింపబడిన యొక మూగ హాస్యచిత్రము, 90 ఏండ్లు గడచిన పిమ్మటను పిల్లలను నవ్వించుచు పెద్దలను కంట తడి పెట్టించుచున్నది. అది చార్లీ చాప్లిన్ రచించి, నటించి, దర్శకత్వము వహించిన ‘సిటీ లైట్స్’, అనగా నగరదీపములు. దాని దీర్ఘాయువునకు కారణమేమి యను ప్రశ్న కళకు సంబంధించినదే యైనను, దానిని కొంత లోతుగా విచారించినచో అది ధర్మమునకు సంబంధించిన ప్రశ్నగా మాఱునని మేము తలంచుచున్నాము.

సాధారణముగా చెప్పు కారణములు రెండు. మాటలేని చిత్రమునకు భాషాభేదము లేదనునది మొదటిది. 1927 అక్టోబరులో ‘ది జాజ్ సింగర్’ అను చిత్రము వెలువడినది మొదలు రెండుమూడేండ్లలో అమెరికాలో మూగచిత్రములు మూలబడెను. ‘సిటీ లైట్స్’ వెలువడిన ఆఱు వారములకు, 1931 మార్చి 14వ తేదీన, మన దేశపు మొదటి టాకీయగు ‘ఆలం ఆరా’ బొంబాయిలో ప్రదర్శింపబడెను. అట్టి దినములలో చాప్లిన్ తన చిత్రమునకు సంగీతమును తానే కూర్చి చేర్చి, మాటను మాత్రము దూరముంచెను. అంతటితో నూరకుండక మాటను వెక్కిరించెను. చిత్రారంభమున నగరప్రముఖులు శాంతిసౌభాగ్యముల పేరిట నిలిపిన శిలావిగ్రహమును ఆవిష్కరించుచు ఉపన్యసింతురు. వారి నోట మాటకు బదులు పీక నూదినట్టి వికృతధ్వని వెలువడును. ముసుగు తొలగింపగనే విగ్రహపు ఒడిలో నొక దేశదిమ్మరి నిద్రించుచు కనబడును. అతడు తొందరపడి దిగబోగా విగ్రహపు కత్తికి లాగు చిక్కుకొనును. అంతలో జాతీయగీతము మ్రోగును. వ్రేలాడుచునే అతడు నిటారుగా నిలిచి మర్యాద చూప యత్నించును. సౌభాగ్యమును గూర్చిన ఉపన్యాసమును, ఇల్లులేని పేదవానిని ఇట్లు ప్రక్కప్రక్కన నిలిపిన పిమ్మట వేఱు వ్యాఖ్యానముతో పనిలేదు.

రెండవ కారణము శిల్పమందలి శ్రద్ధ. 1928 చివరను మొదలిడిన ఈ చిత్రమునకు రెండేండ్లు పట్టెను. దిమ్మరియు, పూలమ్ముకొను అంధబాలికయు తొలిసారి కలసికొను చిన్న ఘట్టమునే 300 పర్యాయములకు పైగా తీసిరని చెప్పుదురు. ఆ బాలిక ఇతనిని ధనికుడని భ్రమపడవలెను. ఆ భ్రమ కలుగు విధము మాట లేకయే ప్రేక్షకునకు తెలియవలెను. చిక్కంతయు అక్కడనే యున్నది. తుదకు చాప్లిన్ కనుగొన్న యుపాయము మిక్కిలి సులభముగా కనబడును. దిమ్మరి రక్షకభటుని తప్పించుకొనుటకై వీథిలో నిలిచియున్న మోటారుకారులో ఒక ప్రక్కన దూఱి రెండవ ప్రక్కన దిగును. కారు తలుపు మూసిన చప్పుడు విని బాలిక పువ్వు చాపును. అతడు నాణెమిచ్చి పువ్వు కొనును. ఆమె చిల్లర వెదకుచుండగనే కారు సొంతదారు వచ్చి తలుపు వేసికొని పోవును. చిల్లర తీసికొనకయే ప్రభువుగారు వెడలిపోయిరని ఆమె యనుకొనును. ఉన్న ఒక్క నాణెము నిచ్చిన ఆ పేదవాడు చిల్లర అడుగలేక, అడుగుల చప్పుడు కాకుండ మునివ్రేళ్ల మీద తొలగిపోవును. తలుపు చప్పుడు మనకు వినబడదు. ఆమె వినుటను మనము చూతుము.

ఈ రెండు కారణములును సత్యములే, కాని చాలవు. మాటలేని చిత్రములు వేలకొలది తీయబడినవి. నేర్పుతో తీసినవియు వానిలో ననేకములు. వానిలో నెన్నింటి పేరు నేడు గృహస్థులు తలంచుచున్నారు? ఇది మాత్రము నిలుచుటకు, నవ్వునకును దానమునకును గల ధర్మమును ఇది ప్రశ్నించుటయే కారణమని మా అభిప్రాయము.

చూడనివారి సౌకర్యమునకై కథ క్లుప్తముగా చెప్పుదుము. దిమ్మరి వేషము చాప్లిన్ 1914 నుండి ధరించుచు వచ్చినదే: చిన్న మీసము, గుండ్రని టోపీ, బిగుతైన కోటు, వదులైన లాగు, పెద్ద జోళ్లు, చేత బెత్తము. ఒకనాటి రాత్రి అతడు నదియొడ్డున ఆత్మహత్యకు సిద్ధపడిన లక్షాధికారి నొకని కాపాడును. ఆ లక్షాధికారి మద్యపు మత్తులో నున్నంతసేపు ఇతనిని ప్రాణమిత్రుడని కౌగిలించుకొనును. మత్తు దిగినంతనే ఎవడవో పొమ్మనును. ఇంతలో పూలమ్ము బాలికయు ఆమె యవ్వయు 22 డాలర్ల అద్దె బాకీపడి ఇల్లు విడువవలసిన స్థితికి వత్తురు. వియన్నానగరపు వైద్యుడొకడు అంధత్వమును మాన్పుచున్నాడని పత్రికలో వార్త కనబడును. దిమ్మరి ఆమెకై వీథులూడ్చును, ముష్టియుద్ధమున దెబ్బలు తినును; డబ్బు మాత్రము చేరదు. తుదకు లక్షాధికారి మత్తులో 1000 డాలర్లిచ్చును. అదే సమయమున ఇంట జొరబడిన దొంగలు అతని తలపై కొట్టగా మత్తు దిగి, ఇచ్చినది మఱచును. రక్షకభటులు దిమ్మరినే దొంగయని పట్టబోవుదురు. అతడు తప్పించుకొనిపోయి ధనమును బాలిక కిచ్చి, పిమ్మట పట్టుబడి చెఱసాలకు పోవును. నెలలు గడచి విడుదలయై వచ్చుసరికి ఆమెకు చూపు వచ్చియుండును.

ఇచ్చట గంభీరస్వభావులగు కొందఱు గృహస్థులు ఆక్షేపింపవచ్చును: పేదవాని చినిగిన బట్టయు, అంధురాలి పొరపాటును నవ్వదగిన వస్తువులా? అట్టి చిత్రమును పిల్లలకు చూపిన వారికి దయ నేర్పినట్లగునా, నిర్దయ నేర్పినట్లగునా? ఈ యాక్షేపణ త్రోసివేయదగినది కాదు. మన ఇండ్లలోను వీథులలోను నవ్వు చేసిన గాయములు తక్కువవి కావు. నత్తివాని నత్తిని, కుంటివాని నడకను, నల్లని పిల్ల రంగును నవ్వులపాలు చేయుట వినోదముగా సాగుచున్న దేశమున హాస్యమును ప్రశంసించువాడు ముందు ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలెను.

నవ్వులన్నియు ఒక్కటి కావని మన పూర్వులు ఎఱుగుదురు. భరతుడు నాట్యశాస్త్రమున స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము అని నవ్వును ఆఱు విధములుగా విభజించి, మొదటి రెండును ఉత్తములకు, నడిమి రెండును మధ్యములకు, చివరి రెండును అధములకు చెందునని చెప్పెను. ఆ విభాగము నవ్వు వెలువడు తీరును బట్టి, అనగా పెదవి కదలికను, కంటినీటిని, ఒడలి కుదుపును బట్టి చేసినది. నవ్వు తగులు చోటును బట్టి విభాగము చేయుట మనకు మిగిలియున్నది. ఎవని కొఱతను చూచి నవ్వుచున్నాము? నవ్విన పిమ్మట అతనికి దగ్గఱ యగుచున్నామా, దూరమగుచున్నామా? మా దృష్టిలో ధర్మాధర్మముల నిర్ణయము ఇందే యున్నది.

ఈ కొలతతో చిత్రమును పరిశీలింతము. మునివ్రేళ్లపై తొలగిపోయిన దిమ్మరి మరల నిశ్శబ్దముగా వచ్చి, బాలిక మోమును చూచుచు ప్రక్కన కూర్చుండును. ఆమె నీటితొట్టి కడ పాత్ర కడిగి, ఎవరును లేరనుకొని ఆ నీటిని సూటిగా అతని ముఖముపై చల్లును. అతడు పలుకలేడు; పలికినచో రహస్యము బయటపడును. తడిసిన ముఖముతో మెల్లగా జాఱుకొనును. ప్రేక్షకశాల యంతయు నవ్వును. కాని ఆ నవ్వు ఆమె అంధత్వముపై పడదు. ఆమెను బాధపెట్టరాదని మౌనము వహించిన వాని యవస్థపై పడును. మఱియొకచోట అతడు ఆమె ఇంట కూర్చుండి ఉన్నిదారమును ఉండగా చుట్టుటకు సాయపడుచుండును. ఆమె చేతికి పొరపాటున అతని లోచొక్కా దారపు కొస చిక్కును. ఆమె చుట్టుచునే పోవును. అతడు సంగతి గ్రహించియు ఆమె సిగ్గుపడునేమో యని చెప్పక, ఒంటిమీది బట్ట వరుస వెంబడి వరుస ఊడిపోవుచుండగా మెలికలు తిరుగుచు కూర్చుండును. మనము నవ్వుదుము; నవ్విన కొలది అతడు మనకు ఆప్తుడగును.

అట్లని చాప్లిన్ పేదవానిని దేవునిగా చేయలేదు. లక్షాధికారి మత్తులో నిచ్చిన గొప్ప కారును నడుపుచు పోవుచు దిమ్మరి, వీథిలో నెవడో పాఱవేసిన చుట్టపీకను చూచి, కారు దిగి, దానిని తీసికొనబోవు మఱియొక పేదవానిని త్రోసివేసి, పీక నోట బెట్టుకొని మరల కారెక్కి పోవును. ఆ రెండవ పేదవాడు నోరు తెఱచి చూచుచు నిలుచును. పేదఱికము మనుష్యుని పవిత్రుని చేయునను అబద్ధము ఈ చిత్రమున లేదు. పేదవానికిని ఆకలియు, గడుసుదనమును, స్వార్థమును ఉన్నవి. వాని మంచితనము వాని దుఃస్థితికి ఫలము కాదు. వాడు బుద్ధిపూర్వకముగా ఎన్నుకొన్నది. చాప్లిన్ ఈ జీవితమును దూరమునుండి చూచి వ్రాసినవాడు కాడు. 1896లో, ఏడేండ్ల ప్రాయమున, తల్లితోను అన్నతోను లండనులోని లాంబెత్ ప్రాంతమున దిక్కులేని పేదలను చేర్చుకొని పని చేయించు శరణాలయమునకు చేరినవాడు. బీదల యెడ అతని చూపున జాలి కంటె ఎఱుక ఎక్కువ.

ఇక దానమును గూర్చి. చిత్రమున దాతలు ఇద్దఱు. లక్షాధికారి యొకడు, దిమ్మరి యొకడు. లక్షాధికారి కృత్రిముడు కాడు. మత్తులో నున్నపుడు అతని స్నేహము నిజమైనదే. కాని ఆ స్నేహమునకు జ్ఞాపకము లేదు. రాత్రి సోదరుడనిన వానిని ఉదయమున ఎఱుగడు. ఇట్టి లక్షాధికారిని చూచి నవ్వుట సులభము. తనలో వెదకికొనుట కష్టము. మద్యము ముట్టని ఇండ్లలోను ఇట్టి మత్తులు లేకపోలేదు. పండుగనాటి ఉత్సాహము, సభలో కరతాళధ్వనులు, ఆప్తుని మరణమున కలిగిన వైరాగ్యము మనలను కొన్ని గడియలు ఉదారులను చేయును. ఆ గడియలలో సేవకుని పిల్లను చదివింతుమని మాట యిత్తుము. తెల్లవాఱిన పిమ్మట ఆ పిల్ల వాకిట నిలిచినచో ఏమి పని యని అడుగుదుము. ఆవేశమున కలుగు దయ తానెవ్వరిపై ప్రసరించెనో ఆ మనుష్యుని చూడదు, తన యావేశమునే చూచుకొనును. కావున అది మఱుసటి దినము ఆ మనుష్యుని గుర్తింపజాలదు.

దిమ్మరి దానమునందును దోషము లేకపోలేదు. తాను ధనికుడనను భ్రమను అతడు తొలగింపలేదు. ఆ భ్రమలో కొంత సుఖించెను. మత్తులోనివా డిచ్చిన సొమ్మును ఆ సంగతి తెలిసియు గైకొని పాఱిపోయెను. ఇది అసత్యము కాదా, చౌర్యము కాదా యని ధర్మశాస్త్రజ్ఞులు అడుగవచ్చును. సొమ్మును గూర్చి, ఇచ్చినవాడు మఱచిన మాత్రమున ఇచ్చుట అబద్ధమగునా యని మేము ఎదురు ప్రశ్న వేయుదుము; అయినను మత్తులోనివాని దానమును గైకొనుట నిర్దోషమని చెప్పజాలము. దానికి అతడు చెఱసాలలో వెల చెల్లించెను. అసత్యమును గూర్చి మాత్రము వాదింపము, అది అసత్యమే. ఆ యసత్యమును అతడే తన చేతులార ఎట్లు కూల్చెనో చూడవలెను.

ఆమె అంధురాలుగా నున్నంతకాలము అతడు ప్రభువు. ఆమెకు చూపు వచ్చిన దినమున అతడు చినిగిన లాగు తొడిగిన బికారి. ఈ సంగతి అతనికి తెలియదా? తెలియును. వైద్యునిగూర్చిన వార్త విని, ఇక తనను చూడగలనని ఆమె సంతసించునపుడు అతని మోమున నొక క్షణము కమ్ముకొను చింతను చూచినవారు దీనిని సందేహింపరు. అయినను అతడు డబ్బు తెచ్చి ఆమె చేతిలో పెట్టును. తనకొఱకు ఒక నోటు దాచుకొని, ఆమె తన చేతిని ముద్దిడగా సిగ్గుపడి దానినిగూడ ఇచ్చివేయును. అద్దెబాకీ మాత్రము తీర్చి, నెలనెలా పూలు కొనుచు, ప్రభువుగా పూజింపబడుచు నుండుటకు అతనికి అవకాశము కలదు. లోకమున దానములలో హెచ్చుభాగము ఇట్టివే. పుచ్చుకొన్నవాడు ఎప్పటికిని పుచ్చుకొనువాడుగనే యుండును. ఇచ్చినవాని మహిమ చెక్కుచెదరదు. దిమ్మరి యట్లు చేయలేదు. తనను తూచి చూచు శక్తినే ఆమె కిచ్చెను. ఇంతకు మించిన దానమును మేమెఱుగము.

ఈ దానము ఎంత కష్టమో సంస్కారప్రియులగు గృహస్థులకు తెలియును. కుమార్తెను చదివించు తండ్రి యామెకు కన్ను లిచ్చుచున్నాడు. ఆ కన్నులు కొంతకాలమునకు తండ్రినే చూచును: అతడు వేదికపై చెప్పినదానికిని ఇంట చేయుదానికిని గల దూరమును చూచును, తల్లి భుజించు వేళను చూచును, తన పెండ్లికై లోలోపల సాగు కట్నపు బేరమును చూచును. చదువు నిచ్చుటకు సంతోషించిన తండ్రులలో ఎందఱు ఆ చూపునకు నిలువగలిగిరి? ‘చదివించినందుకు ఇదియా ఫలము’ అను మాట మన ఇండ్లలో వినబడినంతకాలము, మనము చదువును దానము చేయలేదు. కృతజ్ఞత అను వడ్డీకి అప్పిచ్చితిమి.

ఇక తుదిఘట్టము. చెఱసాల విడిచిన దిమ్మరి మునుపటికంటె దీనుడై వీథివెంబడి వచ్చును. పత్రికలమ్ము కుఱ్ఱలు ఊదుగొట్టముతో కొట్టి వేధింతురు. లాగు చినుగునుండి వ్రేలాడు గుడ్డపేలికను లాగుదురు. అతడు కోపించి దానిని లాగుకొని, ముక్కు తుడుచుకొని, మడిచి, మర్యాదగా కోటు జేబులో పెట్టుకొనును. బాలిక ఇప్పుడు పూలదుకాణమునకు యజమానురాలు. చక్కని బట్టలతో ధనికుడెవడైనను దుకాణమున కాలిడినచో ఇతడే నా యుపకారి యేమో యని యామె గుండె కొట్టుకొనును. అద్దపు కిటికీగుండ ఈ బికారిని చూచి యామె నవ్వును.

ఆ నవ్వే ఈ చిత్రమునకు హృదయము. అంతవఱకు గంటకు పైగా మనము చేసిన పని అదియే. అవే బట్టలను, అదే నడకను చూచి నవ్వితిమి. ఆమె నవ్వు క్రూరమైనది కాదు. కిటికీ కీవల కూర్చున్న మన నవ్వువంటిదే. కాని ఆ బట్టల వెనుక నున్నవా డెవడో మన మెఱుగుదుము, ఆమె యెఱుగదు. కావున ఆమె నవ్వినపుడు మనము నవ్వలేము. మన నవ్వు ఆమె పెదవులపై మనకే కనబడి మనలను నిలదీయును. హాస్యమునకు కరుణ విరోధిరసమని మన యలంకారికులు చెప్పుదురు. ఇక్కడ ఆ రెండు రసములును ఒకే క్షణమున, ఒకే వస్తువుపై నిలుచుచున్నవి. హాస్యము కొంతసేపు సాగి పిమ్మట కరుణ వచ్చుట కాదిది. నవ్విన నవ్వే కరుణగా మాఱుట.

అతడు ఆమెను చూచి శిలయై నిలుచును. వీథి మురుగునుండి ఏరుకొన్న పువ్వు చేతిలోనే రేకులు రాలును. ఆమె జాలిపడి ఒక పువ్వును ఒక నాణెమును చాపును. అతడు తొలగిపోజూచును. ఆమె వెంట వచ్చి పువ్వునిచ్చి, నాణెమును అతని యఱచేతిలో నుంచి, ఆ చేతిని మూయును. ఆ స్పర్శ ఆమె కెఱుకైనది. ఆమె వ్రేళ్లు అతని చేతిమీద ఆగి, కోటుమీదుగా భుజమువఱకు పోవును. మోమున నవ్వు మాయమగును. ఆమె చూచిన కన్ను పొరపడెను. అంధకారమున నేర్చిన చేయి పొరపడలేదు. కొందఱిని తాకరాదని దూరముంచిన దేశమున ఈ ఘట్టమును చూచువారికి దీనియందు మఱియొక యర్థము తోపకపోదు. 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము అస్పృశ్యతను రద్దుచేసినది. చట్టము చేయగలిగినది చట్టము చేసెను. కాని పేదవాని చేతిలో నాణెము నెత్తునుండి జాఱవిడుచు అలవాటును ఏ చట్టమును మాన్పజాలదు. దానమిచ్చునపుడు చేయి చేతిని తాకినగాని మనుష్యుడు మనుష్యుని ఎఱుగడు.

ఇప్పుడు చూడగలుగుచున్నావా యని అతడు అడుగును; చూడగలుగుచున్నానని యామె చెప్పును. పువ్వు పట్టుకొన్న చేయి పెదవులకడ నుంచుకొని, భయమును ఆశయు కలసిన చిఱునవ్వుతో అతడు ఆమె తీర్పునకై ఎదురుచూచుచుండగా చిత్రము ముగియును. ఆమె అతనిని ఇంటికి పిలిచినదా, కృతజ్ఞతతో నాలుగు డాలర్లిచ్చి పంపినదా, చాప్లిన్ చెప్పలేదు. చాప్లిన్ 1977లో మరణించెను. ఆ ప్రశ్న మరణింపలేదు. కథ చెప్పుట మఱచి అతడు దానిని విడువలేదు. ఆ స్థానమున మనమున్నచో ఏమి చేయుదుమో మనమే చెప్పుకొనుటకు విడిచెను. ప్రతి తరమువారును ఆ సమాధానమును మొదటినుండి వెదకికొనవలసియున్నది. అందుచేతనే ఈ చిత్రమునకు ముసలితనము రాలేదని మా నమ్మకము.